తెలిసిన ప్రశ్నలకే ఎందుకు తడబడతాం? ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌లో మొదటి ఐదు నిమిషాలు

మీ ఊరు ఎలా ఉంటుంది? చదువుతున్నారా, ఉద్యోగం చేస్తున్నారా? వాన పడితే మీకు ఇష్టమేనా? ఖాళీ దొరికితే ఏం చేస్తారు? విదేశాల్లో చదువుకో, ఉద్యోగానికో వెళ్లాలనుకునేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్. అందులో మాట్లాడే విభాగమైన స్పీకింగ్ టెస్టు ఇలాంటి ప్రశ్నలతోనే మొదలవుతుంది. వీటిలో జవాబు తెలియని ప్రశ్న ఒక్కటీ లేదు. అయినా టెక్నికల్ ఇంటర్వ్యూల్లో గడగడా మాట్లాడినవాళ్లు కూడా, మీ ఊరి గురించి చెప్పండి అనగానే బిగుసుకుపోతారు. లేదంటే అంతకంటే ఎక్కువ నష్టం చేసే పని చేస్తారు. బట్టీ పట్టిన పేరా ఒకటి ఏకబిగిన అప్పజెప్పేస్తారు.

ఇంగ్లిష్ రాకపోవడం ఒక్కటే దీనికి కారణం కాదు. ఈ పరీక్ష దేన్ని కొలుస్తుందో తెలియకపోవడం ఇంకా పెద్ద కారణం. చిన్నప్పటి నుంచి మనం రాసిన ప్రతి పరీక్షలోనూ జవాబుకే మార్కులు. ఇక్కడ జవాబుకు మార్కుల్లేవు. మీ ఊరు గొప్పదా, మీ హాబీ మంచిదా అన్నది ఎగ్జామినర్‌కు అనవసరం. మీ నోట అప్పటికప్పుడు వాక్యం ఎలా తయారవుతోందో అదే వింటారు.

స్పీకింగ్ టెస్టు మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. ఎదురుగా గానీ వీడియో కాల్‌లో గానీ ఒక ఎగ్జామినర్ ఉంటారు, మాట్లాడిందంతా రికార్డవుతుంది. మూడు భాగాల్లో మొదటిది 4 నుంచి 5 నిమిషాలు, అదే మన గురించి మనల్ని అడిగే భాగం. రెండోదాంట్లో ఒక టాపిక్ కార్డు ఇచ్చి, ఆలోచించుకోవడానికి ఒక నిమిషం టైమిచ్చి, ఒకటి రెండు నిమిషాలు మాట్లాడమంటారు. మూడోదాంట్లో అదే టాపిక్ మీద కాస్త లోతైన చర్చ. మొదట పేరు అడిగి, పాస్‌పోర్టు చూపించమనడానికి మార్కులుండవు. "వాట్ షల్ ఐ కాల్ యూ" అన్నప్పుడు పేరు చెబితే చాలు, దానికి కథ అక్కర్లేదు.

మార్కులు వేసేది నాలుగు విషయాలకు. ఆగకుండా, పొందికగా మాట్లాడటం ఒకటి. పదసంపద రెండోది, వ్యాకరణం మూడోది, ఉచ్చారణ నాలుగోది. నాలుగింటికీ సమాన వాటా. ఈ నాలుగింటిలో ఆలోచన బాగుండాలని గానీ, చెప్పింది నిజమై ఉండాలని గానీ ఎక్కడా లేదు.

పరీక్షలోని నాలుగు విభాగాలకూ 9 దాకా ఇచ్చే స్కోరును బ్యాండ్ అంటారు. అర బ్యాండ్ ఎంత దూరం తీసుకెళ్తుందో ఒక లెక్క చూడండి. లిజనింగ్ 6.5, రీడింగ్ 6.5, రైటింగ్ 6, స్పీకింగ్ 6 వస్తే సగటు 6.25. ఐఈఎల్‌టీఎస్ దాన్ని పైకి సవరించి ఓవరాల్ 6.5 ఇస్తుంది. అదే స్పీకింగ్‌లో 5.5 వస్తే సగటు 6.125, అప్పుడు ఓవరాల్ 6 దగ్గరే ఆగిపోతుంది. ఓవరాల్ 6.5 ఉండాలి, ఏ విభాగంలోనూ 6కు తగ్గకూడదు అనే యూనివర్సిటీలు బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో చాలానే ఉన్నాయి. అంటే స్పీకింగ్‌లో పోయిన ఆ అర బ్యాండ్ ఒకేసారి రెండు షరతులనూ దెబ్బతీస్తుంది.

ఇక బట్టీ సంగతి. ఐఈఎల్‌టీఎస్ ఏ బ్యాండ్‌కు ఏం ఉండాలో చెప్పే పట్టికను అందరికీ తెలిసేలా బయటపెట్టింది. అందులో వ్యాకరణం కింద, బట్టీ పట్టినట్టు అనిపించే మాటల ప్రస్తావన బ్యాండ్ 3 దగ్గర కనిపిస్తుంది. 7 కోసం రాత్రంతా కూర్చుని నేర్చుకున్న పేరా 3 లక్షణంగా లెక్కకు వచ్చే ప్రమాదం ఉంది. కోచింగ్ సెంటర్లలో, టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే "బ్యాండ్ 9 ఆన్సర్లు" చదివే పిల్లలకు ఈ మాట ఎవరూ గట్టిగా చెప్పకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

బట్టీ పట్టారని ఎలా తెలిసిపోతుంది? ఉదాహరణకు ఈ జవాబు చూడండి: "మై హోమ్‌టౌన్ ఈజ్ ఫేమస్ ఫర్ ఇట్స్ రిచ్ కల్చరల్ హెరిటేజ్ అండ్ బ్రెత్‌టేకింగ్ సీనిక్ బ్యూటీ." ఈ వాక్యంలో తప్పు లేదు. కానీ ఇది వరంగల్ గురించైనా కావచ్చు, తిరుపతి గురించైనా కావచ్చు. చెప్పేటప్పుడు వేగం పెరుగుతుంది, గొంతులో ఎత్తుపల్లాలు పోతాయి, చూపు ఎక్కడో గోడ మీద ఉంటుంది. వెంటనే ఎగ్జామినర్, ఆ ఊళ్లో మీకు నచ్చనిదేమిటి అంటారు. ఇప్పుడు "యా, యాక్చువల్లీ... ట్రాఫిక్ ఈజ్ దేర్, సో..." అని మొదలవుతుంది. బ్రెత్‌టేకింగ్ అన్న మనిషి, "ట్రాఫిక్ ఈజ్ దేర్" అన్న మనిషి ఒక్కరేనా అనిపించేంత తేడా. ఆ తేడాయే పట్టిస్తుంది.

తెనాలి నుంచి వచ్చిన అమ్మాయి ఇదే ప్రశ్నకు ఇలా చెప్పొచ్చు: "ఐ యామ్ ఫ్రమ్ తెనాలి. ఇట్స్ ఎ స్మాల్ టౌన్, నాట్ ఫార్ ఫ్రమ్ విజయవాడ. త్రీ కెనాల్స్ రన్ త్రూ ఇట్, అండ్ పీపుల్ కాల్ ఇట్ ఆంధ్రా ప్యారిస్." మూడు చిన్న వాక్యాలు, పెద్ద మాట ఒక్కటీ లేదు. కానీ ఊరు కళ్లకు కడుతుంది, మాట సహజంగా ఉంది, "రన్ త్రూ" లాంటి సరైన క్రియ పడింది. నచ్చనిదేంటి అంటే, "ది మెయిన్ మార్కెట్ గెట్స్ సో క్రౌడెడ్ ఇన్ ది ఈవెనింగ్స్ దట్ యూ కెన్ హార్డ్లీ వాక్" అనడానికి ఆమెకు కొత్త డిక్షనరీ అక్కర్లేదు. రోజూ చూసేదే చెబుతోంది.

జవాబు ఎంత పొడవుండాలన్నది చాలామంది అడిగే సందేహం. మొదటి భాగంలో సుమారు పది పన్నెండు ప్రశ్నలు వస్తాయి కాబట్టి ఒక్కోదానికి ఇరవై సెకన్లకు మించి దొరకదు. పెళ్లి పందిట్లో దూరపు బంధువొకాయన "ఏం చేస్తున్నావమ్మా ఇప్పుడు?" అని పలకరిస్తే మనం ఒక్క ముక్కలో తేల్చం, అలాగని ఉపన్యాసమూ ఇవ్వం. అడిగిందానికి సూటిగా ఒక మాట, దాని వెనకున్న సంగతి ఒకటి రెండు మాటల్లో చెప్పి ఆగుతాం. ఇక్కడా అంతే చాలు. ఏ కోచింగ్ ఫార్ములా కన్నా ఈ కొలత నమ్మకమైనదని నా ఉద్దేశం.

మన పిల్లలు నిజంగా ఇరుక్కునే ప్రశ్న ఒకటుంది. "డూ యూ వర్క్ ఆర్ ఆర్ యూ ఎ స్టూడెంట్?" మే నెలలో బీటెక్ అయిపోయింది, ఇంకా ఉద్యోగం లేదు, ఎమ్మెస్‌కు అప్లై చేసే పనిలో ఉన్నారు. వర్క్ అనలేరు, స్టూడెంట్ అనాలా వద్దా తెలియదు. "ఐ కంప్లీటెడ్ మై బీటెక్... నౌ ఐ యామ్... ప్రిపేరింగ్..." అని ముక్కలు ముక్కలుగా వస్తుంది. రెంటిలో ఏదో ఒకటి ఎంచుకోవాల్సిన పని లేదు. "నైదర్, ఎట్ ద మూమెంట్. ఐ హ్యావ్ జస్ట్ ఫినిష్డ్ మై డిగ్రీ ఇన్ సివిల్ ఇంజినీరింగ్, అండ్ ఐ యామ్ అప్లయింగ్ ఫర్ ఎ మాస్టర్స్." ఇప్పుడే అయిపోయిన పనికి "హ్యావ్ జస్ట్ ఫినిష్డ్", ఇప్పుడు నడుస్తున్న పనికి "యామ్ అప్లయింగ్". రెండు కాలాలు ఒకే వాక్యంలో సరిగ్గా పడ్డాయి. ఏ గ్యాపును చూసి భయపడ్డామో అదే మన వ్యాకరణాన్ని చూపించుకునే అవకాశమైంది.

ఖాళీ సమయం గురించిన ప్రశ్న ఇంకో రకం. నూటికి తొంభై జవాబులు "ప్లేయింగ్ క్రికెట్ అండ్ లిజనింగ్ టు మ్యూజిక్" దగ్గర ఆగుతాయంటే అతిశయోక్తి అనిపించదు. కానీ ఇంటర్ రెండేళ్లు రెసిడెన్షియల్ కాలేజీలో, పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లలో గడిపిన పిల్లలకు అసలు ఖాళీ ఎక్కడిది? అదే చెప్పొచ్చు. హాస్టల్లో ఉన్నప్పుడు రాత్రి దాకా స్టడీ అవర్లుండేవి, ఏ హాబీ అలవాటు కాలేదు, ఇప్పుడిప్పుడే సాయంత్రాలు నాన్నతో వాకింగ్‌కు వెళ్తున్నాను అని ఇంగ్లిష్‌లో చెబితే అది మంచి జవాబు. పుస్తకాలు చదువుతారా అంటే "నాట్ రియల్లీ" అనడంలోనూ తప్పు లేదు. లేదు, కాదు అనడం అమర్యాద అనుకుని మనవాళ్లు ప్రతిదానికీ "యెస్, ఐ లవ్ ఇట్" అంటారు. తర్వాత ఎందుకని అడిగితే చెప్పడానికి సరుకుండదు. ఎగ్జామినర్ మన మాట నిజమో కాదో తేల్చుకోరు, అబద్ధమాడినా బ్యాండ్ తగ్గదు. అయితే నిజంలో వివరాలు వాటంతటవే దొరుకుతాయి, అబద్ధంలో వాటిని కల్పించుకోవాలి. ఇరవై సెకన్లలో వాక్యమూ కట్టుకుని, వివరమూ కల్పించుకోవడం అనవసరపు బరువు.

కాలాల దగ్గర ఇంకాస్త ఆగాలి. ఒకే టాపిక్ మీద వచ్చే ప్రశ్నలు తరచుగా ఇప్పటి సంగతితో మొదలై, చిన్నప్పటికి వెళ్లి, ముందు ముందు ఏం చేస్తారన్న దగ్గరికి వస్తాయి. వాన ఇష్టమేనా? చిన్నప్పుడు వానలో ఆడుకునేవారా? వాన ఎక్కువ పడే ఊళ్లో ఉండాలనుకుంటారా? ప్రశ్నలోని క్రియే మన జవాబు ఏ కాలంలో ఉండాలో చెప్పేస్తుంది. "డిడ్ యూ" అని అడిగితే "ఐ ప్లే ఇన్ ద రెయిన్ విత్ మై కజిన్స్" అనడం ఎగ్జామినర్ చెవికి వెంటనే తగులుతుంది. "యూజ్డ్ టు" ఒకప్పటి అలవాటుకు. దాన్ని మనవాళ్లు ఇప్పటి అలవాటుకు వాడి "ఐ యూజ్ టు గో టు జిమ్ డెయిలీ" అంటారు. వింటున్నవాళ్లకు అది ఒకప్పుడు వెళ్లేవాణ్ణి, ఇప్పుడు మానేశాను అన్నట్టు అర్థమవుతుంది. "వుడ్ యూ లైక్" అని అడిగితే "ఐ విల్" కాదు, "ఐ వుడ్". "ఐ యామ్ హ్యావింగ్ టూ సిస్టర్స్", "వన్ ఆఫ్ మై ఫ్రెండ్" అన్నవి కూడా ఈ భాగంలోనే ఎక్కువగా దొర్లుతాయి, ఎందుకంటే ఇంటి సంగతులు, స్నేహితుల సంగతులు ఇక్కడే వస్తాయి. "ఐ హ్యావ్ టూ సిస్టర్స్", "వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్" అని నాలుకకు అలవాటు చేస్తే చాలు.

ఆగడం తప్పు కాదు. ఎందుకు ఆగారన్నదే తేడా. ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ ఆగడం వేరు, చెప్పాల్సింది తెలిసి ఇంగ్లిష్ మాట దొరక్క ఆగడం వేరు. పట్టిక కూడా ఈ రెంటినీ విడిగానే చూస్తుంది. బ్యాండ్ 8 దగ్గర కూడా ఆగడం ఉంటుంది, కానీ అది ఎక్కువగా విషయం గురించే అయి ఉండాలి, మాట కోసం వెతుక్కోవడం అరుదుగా ఉండాలి. కాబట్టి సంభాషణలో ఒక్క క్షణం మౌనంగా ఆలోచించినందుకు టెన్షన్ పడొద్దు. ఆ మౌనాన్ని "యాక్చువల్లీ", "బేసికల్లీ", "లైక్" లతో పూడ్చడం వల్లే ఎక్కువ నష్టం. అవే మాటలు పదేపదే వాడటం బ్యాండ్ 5 లక్షణాల్లో ఉంది. ఏ రంగు ఇష్టమని అడిగితే "దట్స్ ఎ వెరీ ఇంట్రెస్టింగ్ క్వశ్చన్, లెట్ మీ థింక్" అనడమూ అలాంటిదే. రంగు గురించి అంత ఆలోచించాల్సిందేముంది?

మాట నిజంగా దొరకనప్పుడు ఏం చేయాలన్నదే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచే విషయం. మాట తెలియకపోతే చుట్టుతిప్పి చెప్పగలగడం ఇక్కడ లోపం కాదు, బ్యాండ్ పెంచే నైపుణ్యం. మీకిష్టమైన తిండి ఏది అంటే చాలామంది గోంగూర అని మనసులో అనుకుని, దానికి ఇంగ్లిష్ తెలియక, చివరికి బిర్యానీ అనేస్తారు. గోంగూరే చెప్పండి: "మై ఫేవరెట్ ఈజ్ గోంగూర. ఇట్స్ ఎ గ్రీన్ లీఫ్ విత్ ఎ వెరీ సవర్ టేస్ట్. మై మదర్ గ్రైండ్స్ ఇట్ ఇంటు ఎ చట్నీ, అండ్ సమ్‌టైమ్స్ షీ కుక్స్ ఇట్ విత్ మటన్." బిర్యానీ అంటే అక్కడితో ఆగిపోయేది. గోంగూర వల్ల ఆకు, పులుపు, రుబ్బడం, వండటం అన్నీ వాక్యాల్లోకి వచ్చాయి. ముసురు పట్టింది అనాల్సి వస్తే "ఇట్ రెయిన్స్ లైట్లీ ఆల్ డే, అండ్ యూ డోంట్ సీ ద సన్" అంటే సరిపోతుంది. ఇంగ్లిష్‌లో ఒక్క మాటలో లేని సంగతులు మన జీవితంలో బోలెడున్నాయి. అవన్నీ ఈ పరీక్షలో మనకు పనికొచ్చే సరుకే.

ఉచ్చారణ గురించి రెండు అపోహలున్నాయి. అమెరికన్ యాస పెట్టాలన్నది ఒకటి. అక్కర్లేదు. తెలుగు యాస వినిపించినా అర్థం చేసుకోవడానికి అడ్డు రాకపోతే 9 దాకా కూడా వెళ్లొచ్చు. యాస అసలు అడ్డే కాదన్నది రెండోది, అదీ నిజం కాదు. తెలుగువాళ్లకు అడ్డొచ్చేవి కొన్ని ఖచ్చితంగా చెప్పొచ్చు. స్పెల్లింగ్‌లో రెండేసి అక్షరాలు కనిపించినచోట మనం ఒత్తి పలుకుతాం, హ్యాప్పీ, సమ్మర్ అంటాం. ఇంగ్లిష్‌లో అక్కడ ఒత్తు లేదు, హ్యాపీ, సమర్ అంతే. మాటను అచ్చుతో ముగించే అలవాటు వల్ల బస్సు, బుక్కు అని వచ్చేస్తుంది. ఎగ్ ముందు య చేరి యెగ్ అవుతుంది, ఓన్లీ వోన్లీ అవుతుంది. మాటలో ఏ భాగాన్ని నొక్కాలన్నది ఇంకో చిక్కు. ఫొటోగ్రాఫ్‌లో మొదటి భాగం మీద ఊనిక, ఫొటోగ్రఫీలో రెండో భాగం మీద. మనం అన్నిటినీ ఒకే బరువుతో పలుకుతాం.

వీటిలో ముందు దేన్ని సరిచేసుకోవాలని అడిగితే, క్రియల చివర్లు అంటాను. వాక్ట్, ఆస్క్‌ట్, స్టాప్ట్ అని పలకాల్సినవి మన నోట వాకెడ్, ఆస్కెడ్, స్టాపెడ్ అవుతాయి. లేదంటే చివర మింగేసి వాక్, ఆస్క్, స్టాప్ అవుతాయి. మింగేస్తే ఇంకా నష్టం. మనకు భూతకాలం తెలుసు, వాడాం కూడా, కానీ ఎగ్జామినర్ చెవికి అది వర్తమానంగా వినిపిస్తుంది. ఉచ్చారణలో జరిగిన పొరపాటు వ్యాకరణం ఖాతాలోకి కూడా పోతుంది.

ఎగ్జామినర్ ప్రవర్తన చూసి కంగారుపడటం కూడా చాలామందిని దెబ్బతీస్తుంది. మొదటి భాగంలో ఆయన లేదా ఆమె ముందే రాసి ఉన్న ప్రశ్నలు అడుగుతారు. మీరు చెప్పింది ఎంత బాగున్నా మెచ్చుకోరు, బాగాలేకపోయినా ముఖం మార్చరు. మధ్యలో ఆపేసి ఇంకో ప్రశ్నకు వెళ్తే అది టైము కోసమే. ఆపేశారు కాబట్టి బ్యాండ్ పోయిందని ఆ తర్వాతి ప్రశ్నలన్నీ పాడుచేసుకోవద్దు. ప్రశ్న వినపడకపోతే మళ్లీ అడగమని మర్యాదగా అనొచ్చు, దానికి మార్కులు తగ్గవు. వినపడనిదాన్ని ఊహించుకుని వేరే జవాబు చెప్పడమే చిక్కు.

సాధన ఎలా చేయాలంటే, ప్రశ్నలు రాసుకోండి, జవాబులు మాత్రం రాసుకోవద్దు. ఫోనులో రికార్డు పెట్టి, ఒకే ప్రశ్నకు ఇవాళ ఒక జవాబు, రేపు దానికి సంబంధం లేని ఇంకో జవాబు చెప్పండి. వాన ఇష్టమని ఇవాళ, ఇష్టం లేదని రేపు. ఇలా చేస్తే ఏ వాక్యమూ గడ్డకట్టదు, వాక్యం కట్టే అలవాటు మాత్రం పెరుగుతుంది. వినేటప్పుడు ఒకసారికి ఒక్కటే చూడండి. ఇవాళ క్రియల చివర్లు, రేపు "యాక్చువల్లీ" ఎన్నిసార్లు వచ్చిందన్నది. అన్నీ ఒకేసారి పట్టుకుంటే నోరు మూతపడుతుంది. ఇంట్లో తమ్ముడో చెల్లో ఉంటే కార్డుల మీద ప్రశ్నలు రాసి కలిపేసి, ప్రతి జవాబుకూ "వై?" అని అడగమనండి. ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లే కావాలని లేదు, ఆ ఒక్క మాట అడగగలిగితే చాలు.

పరీక్ష అయ్యాక స్పీకింగ్ ఒక్కదాంట్లోనే తగ్గితే మొత్తం మళ్లీ రాయాల్సిన పని ఉండకపోవచ్చు. కంప్యూటర్ మీద టెస్టు రాసినవాళ్లకు ఒక్క విభాగాన్ని మాత్రమే మళ్లీ రాసే వన్ స్కిల్ రీటేక్ సదుపాయం మన దేశంలో ఉంది. మొదటి టెస్టు తేదీ నుంచి 60 రోజుల్లోగా రాయాలి. అయితే ఆ స్కోరును అన్ని యూనివర్సిటీలూ ఒప్పుకోవు, కాబట్టి ఫీజు కట్టే ముందు మీరు అప్లై చేస్తున్న యూనివర్సిటీకి ఒక మెయిల్ పెట్టి కనుక్కోండి.